చిలక చేతికి చిక్కిన చోట

బడి, సంగీతం గది
జులై 3, మధ్యాహ్నం

అక్కా,

నువ్వు వెళ్ళి ఇంకా వారం కాలేదు, నాకప్పుడే తల ప్రాణం తోకకొచ్చింది. ఫోన్ చేస్తే బావ ఎత్తి "అంతా బాగానే ఉంది, మీ అక్కని మాట్లాడొద్దన్నారు డాక్టరు" అని పెట్టేస్తున్నాడు. మాట్లాడకూడదు సరే, రాయకూడదని ఎవరూ అనలేదుగా. అందుకే ఉత్తరం.

మూడు నెలలు నీ కథల తరగతి చూసుకోమన్నావు. "నువ్వు ఫిడేలు వాయించు, మిగతాది పిల్లలే చూసుకుంటారు" అన్నావు. నేను ఇరవై ఏళ్ళుగా పాడేవాళ్ళ పక్కన కూర్చుని వాయించే మనిషిని. వాళ్ళు ఎటు వెళ్తే అటు వెళ్ళడమే నా పని. ఇక్కడ ముప్ఫై మంది పీటల మీద కూర్చుని నేను ఎటు వెళ్తానా అని చూస్తున్నారు. మొదటి రోజు నాకొచ్చిన వాటిలో మంచి ట్యూను ఒకటి తీసుకుని చివరిదాకా వాయించాను. అందరూ చప్పట్లు కొట్టారు. అంతే. "ఇప్పుడు కథ చెప్పండి" అంటే గుడ్లప్పగించి చూశారు. పెద్ద గొంతు పిల్ల ఒకతి లేచి, "మొత్తం మీరే అవగొట్టేశారు కదా టీచర్, ఇంక మేమేం చెప్పాలి?" అంది. నేనసలు కథే చెప్పలేదు! వాయించానంతే!

రెండో రోజు ఇంకో గొడవ. నువ్వు వెళ్ళే ముందు రాక్షసుడి కథ చెప్తూ మధ్యలో ఆపేశావట. కొండ మీద రాక్షసుడున్నాడు, వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది, రాజుగారి కూతురు పడవేసుకుని వెళ్ళి ఆ చిలకని పట్టుకుంది. తర్వాత? గదిలో సగం మంది "మెడ నులిమేసింది, రాక్షసుడు చచ్చాడు" అంటారు. మిగతా సగం "వదిలేసింది, ఎగిరిపోయింది" అంటారు. రెండు పక్షాలూ "టీచరే చెప్పారు" అని ఒట్టు పెడుతున్నాయి. మధ్యలో నేను. అసలు నువ్వు ఏం చెప్పావు? ఒక్క ముక్క రాయి, బతికిపోతాను.

ఇంకోటి, బీరువా తాళం ఎక్కడ పెట్టావు?

నీ చెల్లెలు

*

ఆసుపత్రి వెనక వీధి, మేడ మీద గది
జులై 9

చిట్టీ,

నీ ఉత్తరం బావ నాకు చదివి వినిపించారు. నీలాగే గొంతు పెట్టి, చేతులూపుతూ చదివారు. నవ్వకూడదన్నారు నన్ను, ఆ సంగతి ఆయన మర్చిపోయారు.

బీరువా తాళం బీరువాకే ఉంది. ఊరికే తిప్పితే రాదు. తలుపుని కొంచెం పైకెత్తి తిప్పు.

ఇక పని మాట. ట్యూనుని ఎప్పుడూ ఇంటికి చేర్చకు. గుమ్మం ముందు వదిలెయ్. చివరి స్వరం ఒక్కటి మిగిల్చి కమాను పైకెత్తి ఊరుకో. గదిలో ఎవరో ఒకరు ఊపిరి పీలుస్తారు. చెవి పెట్టి విను, చక్కగా వినిపిస్తుంది. తర్వాతి మాట వాళ్ళది. కథలో ప్రతి మనిషికీ ఒక చిన్న ట్యూను ఇవ్వు. రాక్షసుడికి లావు తీగ మీద రెండు బరువైన స్వరాలు చాలు. రాజుగారి కూతురికి పరుగు కావాలి. చిలక వస్తే కమాను తీగ మీద ఎగిరెగిరి పడాలి. నువ్వు ట్యూను మార్చినప్పుడల్లా చెప్పేవాళ్ళు మారాలి. ఒకరు నడిపిన కథని ఇంకొకరు అందుకోవాలి, పాత కథే అయినా వాళ్ళ నోట కొత్తగా పుట్టాలి. మొదటి పది రోజులు గందరగోళంగా ఉంటుంది. పదకొండో రోజు కూడా ఉంటుంది, కానీ నీకు అలవాటైపోతుంది.

ఆ పెద్ద గొంతు పిల్లని నేను కంచు అంటాను. అందరి వంతూ తినేస్తుంది. దానికి ఆగడం నేర్పు. కిటికీ పక్కన సన్న జడల పిల్ల ఉంటుంది, దానికి నేను పెట్టిన పేరు 'ఎందుకు'. నువ్వేం చెప్పినా "ఎందుకు?" అంటుంది. విసుక్కోకు. దానికి జవాబు అక్కర్లేదు, అడగనిస్తే చాలు.

చిలకని చంపేసింది. రాక్షసుడి కథలో ఇంకేం జరుగుతుంది? మెడ నులిమింది, వాడు కొండ మీదినుంచి దొర్లిపడ్డాడు, అందరూ సుఖంగా ఉన్నారు. అలాగే చెప్పెయ్.

ఎల్లుండి చిన్న ఆపరేషన్. గొంతులో ఏదో కాయలాంటిది ఉందట, తీసేస్తారు. మూడు నెలల్లో నా పీట మీద నేనుంటాను.

అక్క

*

బడి, సంగీతం గది
జులై 24

అక్కా,

ఆపరేషన్ బాగా జరిగిందని బావ అన్నాడు. "బాగా" అనే ముందు కొంచెం ఆగాడు. ఫోన్ లైను తెగిందేమో అనుకున్నాను.

నువ్వు చెప్పినట్టే చేశాను. రాజుగారి కూతురి ట్యూను మొదలుపెట్టి చివరి స్వరం దగ్గర కమాను ఎత్తేశాను. నిజంగానే వినిపించింది అక్కా! ఎక్కడో వెనక వరసలో ఎవరో ఊపిరి పీల్చారు. మరుక్షణం ఒక చిన్న గొంతు, "ఆమె పడవలో మూడు రొట్టెలు పెట్టుకుంది, ఎందుకంటే నాలుగు పట్టలేదు" అంది. ఇరవై ఏళ్ళలో నా వాయిద్యం వెనక ఎవరూ ఇలా రాలేదు, నేనే అందరి వెనకా వెళ్ళాను. కంచు ఆరుసార్లు అడ్డొచ్చింది. ఏడోసారి రెండు చేతులతో నోరు మూసుకుని ఆగింది. ముఖం ఎర్రగా అయిపోయింది పాపం.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత నువ్వు రాసినట్టే చిలకని చంపేసిందని చెప్పాను. సగం గది గంతులేసింది. 'ఎందుకు' లేచి నిలబడి, "ఎందుకు? చిలకేం చేసింది?" అంది. కథలో అలాగే ఉంటుందన్నాను. ఆ పిల్ల బీరువా పక్కకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ రోజు నుంచి ఒక్క మాట లేదు. "ఎందుకు" అనడం కూడా మానేసింది. అడగనిస్తే చాలన్నావు కదా, ఇప్పుడు అడగడమే లేదు. ఏం చెయ్యాలో నాకు తోచడం లేదు.

తరగతి జరుగుతుండగా పెద్దమేడం వచ్చి తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. తర్వాత నన్ను తన గదికి పిలిచారు. ఏదో ఆఫీసు సంగతి, నీకు రాసేంతది కాదు.

నువ్వు నీ చేత్తో రెండు ముక్కలు రాసి పంపు.

నీ చెల్లెలు

*

ఆసుపత్రి, రెండో అంతస్తు
ఆగస్టు 6

చిట్టీ,

పడుకుని రాస్తున్నాను. వంకర అక్షరాలు చూసి తిట్టకు.

చిలకని చంపిందని నీకు ఎవరు చెప్పారు? చంపలేదు. వదిలేసింది. పిల్లలకి అలాగే చెప్పు. 'ఎందుకు'ని ఇటు తిరిగి కూర్చోమను.

బీరువా పై అరలో ఉన్న ఇత్తడి గంట, బొమ్మల పెట్టె నువ్వే వాడుకో. కింది అరలో నా నోటు పుస్తకాలున్నాయి. ఇరవై రెండేళ్ళవి. పిల్లలు చెప్పిన మాటలు నచ్చినప్పుడల్లా రాసిపెట్టుకునేదాన్ని. వాటిని ఏం చెయ్యాలో తెలియడం లేదు. ఉండనీ.

అలసటగా ఉంది.

అక్క

*

బడి, సంగీతం గది
ఆగస్టు 18

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని గంటసేపు కూర్చున్నాను. ఒకదాంట్లో "చంపేసింది". ఇంకోదాంట్లో "చంపిందని ఎవరు చెప్పారు?" నువ్వే చెప్పావు తల్లీ! నీ అక్షరాలే! నన్ను ఆటపట్టిస్తున్నావా, మందుల మత్తులో రాశావా? గంట వాడుకో, పెట్టె వాడుకో అంటావు. ఇంకో రెండు నెలల్లో వచ్చేదానివి నాకెందుకు అప్పగింతలు పెడుతున్నావు? బావని అడిగితే "నీరసంగా ఉందిలే" అంటాడు. నాకు ఒక్కటీ అర్థం కావడం లేదు.

చివరికి విసిగిపోయి పిల్లలతో నిజం చెప్పేశాను. "చిలక ఏమైందో నాకు తెలీదు. మీ టీచర్‌కి కూడా తెలీదని నాకు అనుమానం" అన్నాను. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు కంచు చెయ్యెత్తి (అవును, చెయ్యెత్తి!) "అయితే మేం చెప్పొచ్చా?" అంది.

ఆ తర్వాత వారం రోజులు ఏం జరిగిందో వరసగా చెప్పమంటే చెప్పలేను. ఒకడు రాక్షసుడి వైపు నుంచి చెప్పాడు: అక్కడెక్కడో వానలో చిలక తడిస్తే ఇక్కడ కొండ మీద వీడికి జలుబు చేస్తుందట, ఎందుకు చేసిందో వీడికి తెలియదట. నేను లావు తీగ మీద తుమ్ము వాయించాల్సి వచ్చింది. తుమ్ము ఎలా వాయించాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఆ గోలలో గోడవైపునుంచి ఒక గొంతు వచ్చింది. "ఆ చిలకకి తెలుసా? తనలో ఇంకొకళ్ళ ప్రాణం ఉందని?" 'ఎందుకు' ఇటు తిరిగింది. ఆ ప్రశ్న పట్టుకుని మూడు రోజులు నడిచింది తరగతి. ఇప్పుడు నేను ఎవరి పక్కన వాయిస్తున్నానో, ఎవరు నా పక్కన చెప్తున్నారో నాకే తెలియడం లేదు.

దీంతోపాటు ఇంకో కవరుంది. పిల్లలు నీకు రాశారు. కంచు జిగురు పెట్టి అంటించింది, నేను చదవకూడదట.

పెద్దమేడం పిలిచిన సంగతి ఏమీ లేదు. నువ్వు అడగలేదు గానీ, ఊరికే రాస్తున్నాను.

నీ చెల్లెలు

*

బడి
ఆగస్టు 17

టీచర్ గారికి,

ఇది రాసేది నేను. మీరు కంచు అని పిలుస్తారు కదా, ఆ నేను. నా అక్షరాలు బాగుంటాయని అందరూ నన్నే రాయమన్నారు. నిజానికి నేనే రాస్తానన్నాను.

మీకు ఒంట్లో ఎలా ఉంది? మాకు బాగుంది. కొత్త టీచర్ మంచివారే. కానీ మీలాగా రాక్షసుడి గొంతు పెట్టడం రాదు, ఫిడేలుతో పెడతారు. మొదట భయం వెయ్యలేదు, ఇప్పుడు వేస్తోంది.

కొత్త టీచర్ ఇంక ఎప్పటికీ మాకే అని పెద్దమేడం మా అమ్మతో చెప్పారు. మీరు ఇంక రారని కూడా చెప్పారు. మీరు వేరే బడికి వెళ్తున్నారా? ఆ పిల్లలు మాకంటే బాగా కథలు చెప్తారా? మేము కూడా ఇప్పుడు బాగానే చెప్తున్నాం. నేను ఆగుతున్నాను కూడా.

కిటికీ పక్కన కూర్చునే పిల్ల ఒక్క మాటే రాయమంటోంది. ఎందుకు?

ఇట్లు,
మీ తరగతి అంతా

*

ఆసుపత్రి వెనక వీధి, మేడ మీద గది
ఆగస్టు 27

సంగీతం టీచరు గారికి,

నమస్కారం. మీకు ఉద్యోగం ఖాయమైన సంగతి పిల్లల ద్వారా తెలిసింది. సంతోషం. నెలరోజుల క్రితమే మీకు తెలిసినట్టుంది. తీరిక లేక రాసి ఉండరు.

బీరువా కింది అరలోని నోటు పుస్తకాలు మా ఇంటి చిరునామాకి పంపించగలరు.

మీ అక్క

*

బడి, సంగీతం గది
సెప్టెంబర్ 2

అక్కా,

నన్ను "గారు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక నువ్వు నన్ను పిలిచిన పిలుపుల్లో "మొద్దు" ఉంది, "దెయ్యం" ఉంది, "గారు" లేదు. ఆ ఉత్తరం చదివి ముందు నవ్వాను, ఎవరికో రాయబోయి నాకు రాశావనుకున్నాను. తర్వాత రెండోసారి చదివాను.

సరే, చెప్తాను. పెద్దమేడం ఆ రోజు పిలిచి, "ఈ తరగతి మీరే ఉంచేసుకోండి" అన్నారు. మా అక్క మూడు నెలల్లో వస్తుందండీ అన్నాను. ఆవిడ వింతగా చూసి "ఆలోచించుకోండి" అన్నారు. నేను కాదని అక్కడే చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఎందుకో తెలుసా? నాకు ఆ గది నచ్చింది. పొద్దున తాళం తీసేటప్పుడు తలుపు పైకెత్తి తిప్పడం కూడా నచ్చింది. నువ్వు వచ్చాక ఇచ్చేస్తాను అనుకుంటూ, నువ్వు ఇంకో నెల ఆలస్యంగా వస్తే బాగుండునని ఒకసారి అనుకున్నాను. ఒకసారి కాదు, రెండు మూడు సార్లు. ఇది నీకెలా రాయను? అందుకే ఏమీ లేదని రాశాను.

నిన్న పెద్దమేడం దగ్గరికి వెళ్ళాను, నాకొద్దని చెప్పడానికి. "మా అక్క సీటు నేనెలా తీసుకుంటానండీ?" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి, "మీకు నిజంగా తెలీదా?" అన్నారు. సొరుగులోంచి ఒక కాగితం తీసి ముందు పెట్టారు. నీ అక్షరాలు. "ఆరోగ్య కారణాల వల్ల ఇక ఉద్యోగం చేయలేను. నా స్థానంలో నా చెల్లెలిని తీసుకోవలసిందిగా కోరుతున్నాను." కింద తేదీ చూశాను. నువ్వు నన్ను మూడు నెలలకని అడగడానికి వారం ముందుది.

అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. మరి కోపం ఎవరికి రావాలి అక్కా? రాజీనామా ఇచ్చింది నువ్వు. నా పేరు చెప్పింది నువ్వు. దాచానని నన్ను "గారు" అన్నదీ నువ్వే. నేను దాచింది తప్పే, కాదనను. కానీ నాకు అర్థం కానిది ఒకటే. చిన్న ఆపరేషన్‌కి ఎవరైనా ఉద్యోగం వదులుకుంటారా?

నోటు పుస్తకాలు పంపను. కావాలంటే వచ్చి తీసుకెళ్ళు.

చిట్టి

*

ఆసుపత్రి వెనక వీధి, మేడ మీద గది
సెప్టెంబర్ 10

చిట్టీ,

నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది. దీన్ని కూడా చింపేస్తానేమోనని బావ పక్కనే కాపలా కూర్చున్నారు.

అది చిన్న ఆపరేషన్ కాదు. గొంతులో మాట పుట్టే పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని మొత్తంగా తీసేశారు. తీస్తే బతుకుతాను, ఉంచితే లేదని మే నెలలోనే చెప్పారు. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం ఉంది, ఊపిరి అక్కడి నుంచే. దాని మీద పల్చటి గుడ్డ కట్టుకుంటాను. ఏడిస్తే చప్పుడు రాదు. నవ్వినా అంతే. మొన్న బావ టీలో ఉప్పు వేశారు. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళొచ్చాయి. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియక ఆయన నర్సుని పిలవడానికి పరిగెత్తారు.

మూడు నెలలని ఎందుకు చెప్పానంటే, నిజం చెప్తే నువ్వు రావు. "నీ పీట మీద నేను కూర్చోను" అని మొండికేస్తావు. పిల్లలకి మధ్యలో ఖాళీ రాకూడదని అన్నీ ఆలోచించే చేశాననుకున్నాను. తీరా కంచు ఉత్తరం చదివేసరికి, ఎవరో నా చెప్పులు వేసుకుని నా కళ్ళ ముందే నడిచి వెళ్ళిపోతున్నట్టు అనిపించింది. ఆ చెప్పులు ఇచ్చింది నేనే. దీన్ని ఏమంటారో నాకు తెలీదు. నువ్వు నీ నోటితో చెప్తావని ప్రతి ఉత్తరం విప్పేటప్పుడూ ఎదురుచూశాను. నా నోటితో నేను చెప్పానా అంటే లేదు. నేను దాచింది పెద్దదా, నువ్వు దాచింది పెద్దదా అని నిన్నంతా తూచుకుంటూ కూర్చున్నాను. ఒకసారి ఇటు మొగ్గింది, ఒకసారి అటు. చివరికి ఆకలేసి లేచాను.

చిలక సంగతి. "చంపేసింది" అని రాసిన రోజు, నా గొంతులో ఉన్నదాన్ని ఎవరైనా నులిమి పారేస్తే బాగుండునని ఉంది. "వదిలేసింది" అని రాసేనాటికి అది నాలో లేదు. మొదట ఏం రాశానో నిజంగానే గుర్తు లేదు. పిల్లలకి ఏం చెప్పానంటావా, ఏమీ చెప్పలేదు. ఆ చోటికి వచ్చేసరికి నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. నేను కావాలనే ఆపాననుకున్నారు పిల్లలు. ఇంతలో బడి గంట కొట్టారు. ఎవరికి కావలసింది వాళ్ళు విన్నట్టున్నారు.

ఇక్కడ నాకు ఒక యంత్రం ఇచ్చారు. చిన్న టార్చిలైటంత ఉంటుంది. మెడకి ఆనించి పెదాలు కదిపితే మాట వస్తుంది. మాట అంటే, డబ్బాలో పడ్డ తుమ్మెద అనుకో. మొదటిసారి దాంతో బావని వెనకనుంచి పిలిచాను. ఆయన వెళ్ళి నీళ్ళ మోటారు ఆపి వచ్చారు.

దాన్ని పెట్టె అడుగున పెట్టేశాను. రాక్షసుడికీ రాజుగారి కూతురికీ చిలకకీ వేరు వేరు గొంతులు పెట్టిన దాన్ని నేను. పిల్లల ముందు ఆ తుమ్మెదతో మాట్లాడలేను. ఈ ఒక్క విషయంలో నన్ను బతిమాలకు.

అక్క

*

బడి, సంగీతం గది
అక్టోబర్ 5

అక్కా,

బతిమాలను.

నీ ఉత్తరం వచ్చిన రోజు తరగతిలో ఫిడేలు పెట్టె తియ్యలేదు. పిల్లలు ఏమైందని అడిగారు. మళ్ళీ ఏదో కథ అల్లి దొరికిపోయే ఓపిక నాకు లేదు. "మీ టీచర్‌కి గొంతు తీసేశారు. ఇంక రాదు" అని చెప్పాను. కంచు లేచి "నాది చాలా ఉంది, సగం ఇవ్వొచ్చా?" అంది. ఇవ్వడానికి వీలుండదన్నాను. ఇస్తే మనందరికీ మంచిదేనని వెనకనుంచి ఎవరో అన్నారు. ఏడుస్తూనే నవ్వారు. నేనూ అంతే.

పెద్దమేడం దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఆవిడకి నేనంటే విసుగొచ్చేసింది.

"ఆవిడ చేయలేనన్నారు. మీరు వద్దంటున్నారు. నన్నేం చెయ్యమంటారు?"

"వద్దని కాదండీ. ఒక్కదాన్నే అంటే నా వల్ల కాదు. నేను వాయిస్తాను. అక్క కూడా ఉండాలి."

"ఒక గదికి ఇద్దరు టీచర్లా? పైగా మాట రాని మనిషి కథల తరగతిలో ఏం చేస్తారు?"

"నాకూ తెలీదండీ."

ఇంతకంటే మంచి జవాబు ఇచ్చి ఉండాల్సింది. మెట్లు దిగుతుంటే కూడా తోచలేదు. తల్లిదండ్రుల రోజు అయ్యాక చూద్దామన్నారు ఆవిడ.

ఆ రోజు అక్టోబర్ ఇరవై ఎనిమిది, ఆదివారం, ఉదయం పదింటికి, పెద్ద హాల్లో. పిల్లలు రాక్షసుడి కథే చెప్తారు. ముగింపు ఏమిటో ఎవరూ ఖాయం చెయ్యలేదు. సాధనలో రోజుకొకటి వస్తోంది. చిలక చేతికి చిక్కిన చోట నేను కమాను ఎత్తేస్తాను, ఎవరు ముందు ఊపిరి పీలిస్తే వాళ్ళే చెప్తారు. ఎవరూ పీల్చకపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు. పెద్దమేడంకి ఈ సంగతి చెప్పలేదు.

నిన్ను రమ్మనడం లేదు. ఫలానా రోజు ఫలానా గంటకి జరుగుతుందని రాస్తున్నానంతే. నేను తల ఎత్తి ఎవరెవరు వచ్చారని చూడను కూడా. నీకు తెలుసుగా, వాయించేటప్పుడు నా కళ్ళు తీగల మీదే ఉంటాయి.

చిట్టి

*

ఆసుపత్రి వెనక వీధి, మేడ మీద గది
అక్టోబర్ 30

చిట్టీ,

నువ్వు చూడలేదు. నేను వచ్చాను.

తలుపు పక్కన చివరి కుర్చీలో కూర్చున్నాను. మెడకి కట్టిన గుడ్డ కనపడకుండా పైన ఇంకో గుడ్డ చుట్టుకున్నాను. బావ బయట బెంచీ మీద కూర్చున్నారు, లోపలికి వస్తే ఆయన ఏడుస్తారట.

పిల్లలు మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నాకు తికమకగానే ఉంది. ఆ కథ నాకు తెలిసిన కథలా లేదు. పడవలో రొట్టెలు, రాక్షసుడి జలుబు, నీ ఫిడేలు తుమ్ము. నేను చెప్పేటప్పుడు పిల్లలంతా నా వైపు చూసేవారు. ఇప్పుడు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. కంచు తన వంతు కోసం ఆగడం చూశాను. ఆ పిల్ల ఆగుతుందని ఎవరైనా చెప్తే నమ్మేదాన్ని కాదు.

చిలక చేతికి చిక్కింది. నువ్వు కమాను ఎత్తావు. నేను ఊపిరి పీల్చాను చిట్టీ. అలవాటు. ఇరవై రెండేళ్ళుగా ఆ చోట ఊపిరి పీల్చేది నేనే. గాలి మెడలోంచి లోపలికి వెళ్ళింది, పైకి ఏమీ రాలేదు. అప్పుడు 'ఎందుకు' మాట్లాడింది.

"రాజుగారి కూతురు చెయ్యి తెరిచింది. చిలక ఎగరలేదు. 'ఎక్కడికి వెళ్ళాలో నాకు తెలీదు' అంది. 'సరే, తెలిసేదాకా నా చేతి మీదే కూర్చో' అంది రాజుగారి కూతురు."

కంచు ఊరుకుంటుందా? "రాక్షసుడు కొండ దిగి పడవెక్కాడు. చిలకని వెతకడానికి. వాడికీ దారి తెలీదు" అని అరిచింది. జనం నవ్వారు. నువ్వు రాక్షసుడి స్వరాలూ చిలక స్వరాలూ ఒకేసారి వాయించబోయి ఒకటి తప్పావు. నేను విన్నాను. మళ్ళీ దారిలో పడ్డావు. అదీ విన్నాను. నేను చెప్పిన రెండు ముగింపుల్లోనూ ఇది లేదు. నువ్వూ చెప్పలేదు. ఎక్కడినుంచి తెచ్చిందో ఆ పిల్ల!

నువ్వు వేదిక మీద ఫిడేలు సర్దుకుంటున్నావు. ఎవరికీ కనపడకుండా వెళ్ళిపోదామని లేచాను. తలుపు దగ్గర చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

"టీచర్! ఎందుకు వెళ్ళిపోతున్నారు?"

చుట్టూ నలుగురైదుగురు పిల్లలు మూగారు. చేతిసంచిలో రుమాలు కోసం వెతికితే ఆ యంత్రం తగిలింది. పెట్టె అడుగున ఉన్నది సంచిలోకి ఎలా వచ్చిందో మీ బావనే అడగాలి. తీసి మెడకి ఆనించాను. "చాలా బాగా చెప్పావు" అన్నాను.

ఒక చిన్న పిల్ల కెవ్వుమని ఏడ్చి వాళ్ళమ్మ వెనక్కి పారిపోయింది. సరిగ్గా దీనికే కదా భయపడ్డాను. యంత్రం సంచిలో పెట్టేయబోయాను. 'ఎందుకు' మాత్రం కదల్లేదు. నా మెడ వంక, యంత్రం వంక, నా నోటి వంక మార్చి మార్చి చూసింది.

"ఇది ఎవరి గొంతు?"

"నాదే."

"పాతది ఎక్కడికి వెళ్ళింది?"

"తెలీదు."

"సరే" అంది. ఆ పిల్ల నోట "సరే" వినడం నాకదే మొదటిసారి. ఈలోగా కంచు జనాన్ని తోసుకుంటూ వచ్చి "నేను వినలేదు, ఇంకోసారి అనండి టీచర్, గట్టిగా!" అంది. ఇంకోసారి అన్నాను. యంత్రానికి గట్టిగా అనడం రాదు. కంచు కొంచెం నిరుత్సాహపడి, "పర్లేదు, మేం దగ్గరికొచ్చి వింటాం" అని చెవి పెట్టింది.

అంతకు మించి నాకు ఓపిక లేకపోయింది. నీకు కనపడితే మాట్లాడాలి, ఏం మాట్లాడాలో తెలీదు. అందుకే ఒంటిగంట బస్సుకి వచ్చేశాను. కోపగించుకోకు.

బస్సులో ఒకటే ఆలోచన. ఇన్నేళ్ళూ పిల్లలకి కథ చెప్పడం నేర్పుతున్నానని నేను అనుకున్నాను. చాలావరకు నేనే చెప్పినట్టున్నాను. వాళ్ళు పీల్చాల్సిన ఊపిరి ఎన్నిసార్లు నేను పీల్చేశానో. ఇలా అనుకుంటే ఏడుపొస్తుంది. మళ్ళీ ఆ రాక్షసుడి గొంతులు గుర్తొచ్చి అవి లేకుండా ఆ తరగతి ఏమిటనిపిస్తుంది. రెండూ నిజమేనేమో. నాకింకా తేలలేదు.

పెద్దమేడంకి ఈ రోజే ఇంకో ఉత్తరం రాశాను. జీతం, హోదా ఏవీ అడగలేదు. వారానికి మూడు రోజులు ఆ గదిలో కూర్చుని వింటానన్నాను, పిల్లలు చెప్పినవి నోటు పుస్తకంలో రాసి, వాళ్ళు మర్చిపోయిన చోట చూపిస్తానన్నాను. ఒప్పుకుంటారో లేదో తెలీదు. ఒప్పుకోకపోతే కిటికీ బయట నిలబడి వింటాను, అక్కడినుంచి ఎవరూ లేపలేరు. ఉద్యోగం నీదే. కాదని మళ్ళీ ఆవిడ గదికి వెళ్ళావంటే నీకూ నాకూ మాటల్లేవు.

డాక్టరు సోమవారం ఇంటికి వెళ్ళొచ్చన్నారు. పెట్టె సర్దుతున్నాను. ఆ ఏడ్చిన పిల్లని ముందు వరసలో కూర్చోబెట్టకు. నా దగ్గరికి తనంతట తను వచ్చేదాకా వెనకే ఉండనీ.

ఒక్క సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను. ఈ యంత్రం బ్యాటరీ రోజుకి నాలుగు గంటలే వస్తుంది. మూడు గంటలు పిల్లలకి. ఒకటి నిన్ను తిట్టడానికి.

అక్క